బొంతలో తాళంచెవి

జూన్ 4

ఏమే మిరపగింజా,

నీ ఉత్తరం అందింది. నా మునిమనవరాలికి ఇంకా పళ్ళు రాలేదు, జుట్టు రాలేదు, మాటలు రాలేదు అని రాశావు. పళ్ళూ జుట్టూ లేకుండా పొద్దస్తమానం మంచంలో పడుండి, పాలు తాగి, ఎవరొస్తే వాళ్ళని చూసి నవ్వే హక్కు ఇన్నాళ్ళూ ఈ వంశంలో నా ఒక్కడిదే. ఇప్పుడు పోటీకొచ్చిందన్నమాట. తొందరగా తీసుకురా, ఎవరు గెలుస్తారో తేల్చుకుంటాం. జుట్టు మాత్రం మీ ఆయన పోలిక రాకుండా చూడు. పెళ్ళినాడే ఆ తల చూసి అనుకున్నా, ఈ అల్లుడి వల్ల నా కత్తెరకి ఏ లాభమూ లేదని.

పాపని అమ్మమ్మ బొంత మీదే పడుకోబెట్టాలి, ఉతికి ఎండేసి ఉంచమని హుకుం జారీ చేశావు కదా. చేశాను. పెట్టె అడుగునుంచి లాగి, నానబెట్టి, కాళ్ళతో తొక్కి మరీ ఉతికాను. నీళ్ళు తాగిన బొంత ఎంత బరువుంటుందో నీకు తెలీదు. బాల్కనీ కమ్మీ మీదకి ఎత్తేసరికి నా నడుం నాతో మాట్లాడటం మానేసింది. ఏ వైపు పైకి వచ్చిందో కూడా చూసుకోలేదు. చూసినా ఏం కనపడుతుందిలే, కుడికంట్లో పొర అలాగే ఉంది. ఎదురు వాటా నర్సమ్మ రోజూ డ్యూటీకి వెళ్తూ చుక్కలు వేసి పోతుంది. నా అన్నవాళ్ళు ఒక్కరు లేని మనిషి, నన్ను తిట్టడానికే బతికున్నట్టుంటుంది. చదరంగంలో ఓడిపోతే ‘కళ్ళు కనపడనట్టు నటించి మోసం చేశావ్ తాతా’ అంటుంది. మోసం చెయ్యడానికి కళ్ళెందుకు?

ఒక వింత విను. బొంత వేసిన పూటే పై అంతస్తు మాస్టారు దిగి వచ్చారు. బడిలో పాతికేళ్ళు పిల్లల్ని భయపెట్టి రిటైరైన మనిషి. నా మూడో తరగతి చదువు చూసి ఇన్నాళ్ళూ నాకేసి మొహం కూడా తిప్పలేదు. అలాంటిది నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ‘ఇన్నాళ్ళకి ఒక్కరైనా...’ అని ఆగిపోయి వెళ్ళిపోయారు. బొంత ఉతికినందుకు ఎవరైనా ఏడుస్తారటే? నర్సమ్మేమో ఇవాళ చుక్కలు వెయ్యడానికి రాలేదు. ఎవరికేమైందో నాకు అంతుపట్టలేదు.

ఫోన్ చెయ్యకు. ఫోను మాస్టారి ఇంట్లో ఉంది, చెవి నా దగ్గరుంది, అదీ సరిగ్గా లేదు. ఉత్తరమే రాయి.

నీ ముసలి ఎలుగుబంటి,
కత్తెర తాత

*

జూన్ 11

తాతగారికి,

మీరు క్షేమమని తలుస్తాను.

నిన్న పెద్దమామయ్య లారీ మా సందు చివర ఆపి వచ్చాడు. మంచినీళ్ళిచ్చినా తాగలేదు. మీ వీధిలోంచి వస్తూ బాల్కనీ చూశాట్ట. ఇటుకరంగు గుడ్డ, మధ్యలో మనిషంత నల్ల తాళంచెవి. ‘మా నాన్న ఆ జెండా కట్టాడే’ అని మా గుమ్మంలోనే కూలబడ్డాడు. కన్నకొడుకు లారీ ఆపకుండా, మేడ ఎక్కకుండా వచ్చేశాడు. మీకు అర్థమవుతోందా?

ఆ జెండా ఏమిటో మీకు నేను చెప్పాలా? నేను పుట్టకముందే పోయింది ఆ తాళంవాళ్ళ రాజ్యం. ప్రతి ఇంటి రెండో తాళంచెవి వాళ్ళకి అప్పజెప్పాలని, వాళ్ళు తలుపు కొట్టరని, ఎప్పుడు కావాలంటే అప్పుడు తాళం తీసుకుని లోపలికి వచ్చేవాళ్ళని నేను విన్నది మీ నోటినుంచే. మా మామగారి అన్నగారిని అలాగే తీసుకెళ్ళారు. మా అత్తగారు ఈనాటికీ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి గాని స్నానానికి వెళ్ళదు. ఆవిడకి నేనేం చెప్పాలి? మా తాతగారు సరదా మనిషి, సరదాకి కట్టారని చెప్పనా?

అది దించేదాకా పాపని మీ గుమ్మం తొక్కనివ్వను.

ఇట్లు,
మీ మనవరాలు

*

జూన్ 17

అమ్మో! తాతగారికి! మీరు! తలుస్తాను!

వేరేవాళ్ళ ఉత్తరం నాకిచ్చాడేమో అని పోస్టుమాన్‌ని మెట్ల మీద ఆపి అడిగాను. మన ఇంట్లో ‘మీరు’ అనేది గుమ్మం బయట నిలబడ్డవాళ్ళకి. లేదా కోపం గొంతుదాకా వచ్చినప్పుడు. మీ అమ్మమ్మ నన్ను ‘అండీ’ అందంటే చాలు, నేను చెప్పులేసుకుని పార్కుకి పోయేవాణ్ణి. నేను నిన్ను ఎప్పుడైనా ‘మీరు’ అన్నాననుకో, ఎవరో నా పీక మీద కత్తి పెట్టారని అర్థం. పీక మీద కత్తి పెట్టడం నా వృత్తి, ఆ సరదా ఇంకొకడికి ఇస్తానా?

జెండా కాదే పిచ్చిదానా. అమ్మమ్మ బొంత. వెనకవైపు.

తాళంవాళ్ళు పోయిన ఏడు గుడ్డ దొరకలేదు. దొరికిందల్లా వాళ్ళ జెండాలే, ఇంటికొకటి కట్టించి పోయారుగా. మీ అమ్మమ్మ దాన్ని బండకేసి నాలుగు బాది, ‘ఇన్నాళ్ళు మన నెత్తినెక్కి కూర్చుంది, ఇక మన వీపు కింద పడుండనీ’ అని బొంతకి అడుగున వేసి కుట్టేసింది. ఆ పైన మామూలు గుడ్డ ఇంకోటి కప్పింది. ఆ కప్పిన గుడ్డ నా ఉతుకుడికి చీలికలై ఊడిపోయింది, లోపలిది బయటపడింది. అంతే కథ. వీధిలో ఎవరి బొంత విప్పినా అడుగున అదే ఉంటుంది. నా కొట్టు మీద కట్టించిన చిన్నదానితో మీ అమ్మకి లాగు కుట్టింది, తాళంచెవి గుండ్రం సరిగ్గా పిర్ర మీదకి వచ్చేట్టు.

తిరగేసి వెయ్యొచ్చుగా అంటావు. వేద్దామనే లేచాను. ఈలోపు మాస్టారు వచ్చి, ‘తియ్యకండి, అది క్రమశిక్షణకి గుర్తు. ఆ రోజుల్లో ఒక్క దొంగతనం జరిగిందా?’ అన్నారు.

‘దొంగల దగ్గరే తాళంచెవులుంటే దొంగతనం ఎందుకు జరుగుతుంది మాస్టారూ’ అన్నాను. నవ్వలేదు. కింద సైకిల్ షాపువాళ్ళు వచ్చి, అది ధైర్యానికి గుర్తు పెద్దాయనా అన్నారు. నర్సమ్మ తన గుమ్మంలోంచే, ‘అది తియ్యి’ అంది. ‘బొంతే తల్లీ’ అన్నాను. తలుపేసుకుంది. ఇప్పుడు నువ్వు. నా బొంతకి అర్థం చెప్పని మొనగాడు లేడు. నాకు పంతం వచ్చింది. ఒకరు ఉంచమంటే ఉంచను, ఇంకొకరు తియ్యమంటే తియ్యను. ఎండితే తీస్తాను, బొంతని ఎవరైనా చేసేది అదే.

కానీ ఎండట్లేదే. ఇన్ని రోజులు ఎండ కాసింది, చెయ్యి పెడితే జ్వరం దిగిన మనిషి వీపులా చెమ్మగా ఉంటుంది.

ఇంకోటి. మొన్న ఎదురు మేడలో ఒక బొంత వేశారు. నిన్న దాని పక్క వాటాలో. ఇవాళ కిటికీ తీస్తే అటు చివరిదాకా బొంతలే. అన్నీ వెనకవైపు పైకి. మబ్బు పట్టింది, చినుకులు పడ్డాయి, ఒక్కరూ లోపలికి తీసుకోలేదు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. సైకిల్ షాపులో రేడియో పెట్టడం మానేశారు. మధ్యాహ్నం గాలి లేదు, ఆకు కదల్లేదు, అయినా బొంతల అంచులన్నీ కలిసి ఒకే వైపుకి లేచి పడ్డాయి. నా కంట్లో పొర వేషాలు అయ్యుంటాయి.

పాపకి రెండు ముద్దులు. ఒకటి నాది, ఒకటి బొంతది.

నీ తాత (గుమ్మం లోపలి మనిషి)

*

జూన్ 24

తాతా,

‘మీరు’ తీసేశాను. కోపం తియ్యలేదు.

బొంత వెనకవైపని నమ్ముతున్నాను. చిన్నప్పుడు నిద్రపట్టకపోతే బొంత కింద చెయ్యి పెట్టి తడిమేదాన్ని. ఒక చోట పైగుడ్డ కింద గరుగ్గా, రంగు మందంగా తగిలేది. ఒక గుండ్రం, ఒక పొడుగు కాడ, చివర రెండు పళ్ళు. చేప అనుకునేదాన్ని. దాని పళ్ళ మధ్య వేలు పెట్టుకుని నిద్రపోయేదాన్ని. నీ ఉత్తరం చదివాక ఆ వేలు సబ్బుతో కడుక్కున్నాను. నవ్వుతావని తెలుసు, నవ్వు.

కానీ నువ్వొకటి చూడట్లేదు. లోపలుంటే అది బొంత. నీ వీపుకి, నా వేలికి అది బొంతే. బయట వేలాడితే దాని అర్థం నీ చేతిలో ఉండదు తాతా. చూసేవాళ్ళ చేతిలో ఉంటుంది. అమ్మమ్మ దాన్ని అవమానించడానికి లోపల పెట్టి కుట్టింది, నువ్వు పంతానికి బయట పెట్టి దానికి గౌరవం చేస్తున్నావు. ఆ వీధిలో వాళ్ళు బొంతలు ఎండేసుకుంటున్నారని నువ్వు నిజంగా అనుకుంటున్నావా? ఎండకోసమైతే వానలో ఎందుకుంచుతారు?

నర్సమ్మని అడుగు, తనకి ఎందుకు బొంతలా కనపడట్లేదో. అడిగి నాకు రాయి.

నువ్వొద్దన్నా మాస్టారింటికి ఫోన్ చేశాను. ఒకసారి నువ్వు స్నానంలో ఉన్నావన్నారు, ఇంకోసారి నిద్రపోతున్నావన్నారు. చివరిసారి ఏమీ అనకుండా ఫోను పక్కన పెట్టేశారు. వింటూ నిలబడ్డాను. చాలామంది ఒకే గదిలో కూర్చుని, మాట్లాడకుండా ఊపిరి పీలుస్తున్నట్టు వినపడింది. మాస్టారింట్లో అంతమంది ఎవరు తాతా?

మిరపగింజ

*

జూలై 2

ఏమే లాయరమ్మా,

గెలిచావు. తీసేశాను. ఇక ఎగిరి గంతెయ్యకు, పాప చేతిలో ఉంటుంది.

నువ్వు చెప్పావని కాదు, అడగమన్నావని వెళ్ళాను. నర్సమ్మ తలుపు కొట్టాను. లోపల్నుంచి ‘ఎవరు’ అంది. ‘కొట్టానుగా తల్లీ, కొట్టానంటే మంచివాణ్ణే’ అన్నాను. తర్వాత ఏదో బల్ల జరిపిన శబ్దం, తలుపు తెరుచుకుంది. మనిషి ఏడ్చి ఏడ్చి సగమైంది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళ నాన్నని తాళంవాళ్ళు నా కొట్లోంచే తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం, ఎండగా ఉందని లోపలినుంచి తాళం వేసుకుని తీరిగ్గా గడ్డం గీస్తున్నాను. ఆయన కబుర్లపోగు, నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివిన వెటకారం. బయటినుంచి తాళం తిరిగిన చప్పుడైంది. అంతే, మెల్లిగా, వాళ్ళింటికి వాళ్ళొచ్చినట్టు వచ్చారు. అప్పటికి ఒక చెంప అయింది, రెండో చెంపకి నురగ అలాగే ఉంది. ‘ఒక చెంప అయింది, రెండోది వచ్చాక గీద్దువుగాని’ అన్నాడు నాతో. అందరూ నవ్వారు, వాళ్ళు కూడా. ఆ కుర్చీ చాలాకాలం ఖాళీగా ఉంచాను.

నర్సమ్మ బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా కనపడేది నా కమ్మీయేనే. నేను మాత్రం బొంత బొంత అని కూర్చున్నాను.

ఇద్దరం నేల మీద కూర్చుని కుట్లు విప్పాం. నాకు కళ్ళు లేవు, ఆవిడకి ఓపిక లేదు, కాబట్టి బాగానే జరిగింది. అడుగుగుడ్డ తీసేసరికి లోపల దూది కూడా ఆ ఆకారంలోనే నల్లబడి ఉంది. రంగు దిగిందనుకుని ఆ దూది పారేశాం. దాని కింద దూది కూడా అలాగే ఉంది. అదీ పారేశాం. తెల్లది తగిలేసరికి బొంత సగమైంది. జెండాని నర్సమ్మే నా కత్తెరతో కోసింది. కోయడం అయ్యాక ‘నేల తుడవడానికి పనికొస్తుంది’ అంది. అడుగున తన పాత డ్యూటీ కోటు వేసి కుట్టింది. నీ కూతురి బొంత ఇప్పుడు మల్లెపువ్వులా ఉంది, జేబుతో సహా. పాలపీక పెట్టుకోవచ్చు.

మా బాల్కనీ బోడిగుండులా ఉంది. వీధిలో అలా ఉన్నది అదొక్కటే.

సాయంత్రం మాస్టారు, సైకిల్ షాపువాళ్ళు, నేనెప్పుడూ చూడని ఇంకో నలుగురు వచ్చారు. చెప్పులు బయట వరసగా, ముక్కులన్నీ ఒకే వైపుకి పెట్టి విడిచారు. ఎంత మర్యాదో! ‘మొదటిది మీదే కదా, మీదే లేకపోతే ఎలా పెద్దాయనా’ అని ఒక కొత్త గుడ్డ బల్ల మీద పెట్టారు. కొత్తది, మడత కూడా విడలేదు. తర్వాత, ‘ఒంటరివారు, వయసు మీదపడింది, రెండో తాళంచెవి మా దగ్గరుంటే మీకే మంచిది’ అన్నారు. నేనా వదిలేది? ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి నా దువ్వెనల పెట్టె తాళంచెవి ఇచ్చాను. మాస్టారు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, నవ్వకుండా, జేబులో వేసుకున్నారు.

పొద్దున లేచేసరికి దువ్వెనల పెట్టె తీసి ఉంది. దువ్వెనలన్నీ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా సర్ది ఉన్నాయి. నా ఇంటి తలుపుకి మాత్రం వేసిన తాళం వేసినట్టే ఉంది.

ఇంత మంచి పనివాళ్ళని తెలిస్తే ఇల్లు కూడా ఊడ్చి పొమ్మని చెప్పేవాణ్ణి.

నర్సమ్మ మొన్న డ్యూటీకి వెళ్ళింది, ఇంకా రాలేదు. డబుల్ డ్యూటీ అయ్యుంటుంది. చుక్కలు నేనే వేసుకుంటున్నాను, సగం ముక్కులోకి పోతున్నాయి. ముక్కుకి చూపు బాగా వచ్చింది.

దించేశాను కదా, ఇక రా. పాపని చూడాలనుందే.

నీ తాత

*

జూలై 8

నా బంగారు తాతా,

మీ ఆయన, మీ ఆయన అంటావుగా, ఆ బట్టతలాయనే ఉత్తరం పైకి చదివి మా అత్తగారికి వినిపించాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ‘డ్యూటీ కోటు వేసి కుట్టిందా’ అని మళ్ళీ ఆ ముక్క చదివించుకుంది. వెళ్ళిరండి అంది. ఇరవయ్యో తారీఖు రైలుకి టిక్కెట్లు తీసేసుకున్నాం.

దువ్వెనలు నువ్వే సర్ది మర్చిపోయుంటావు. అలా అనుకుంటే గాని నాకు అన్నం దిగట్లేదు. నర్సమ్మ వచ్చిందా? రాసెయ్, వెంటనే.

నిన్న మా ఆఫీసుకి ఎవరో ఫోన్ చేశారు. మీ తాతగారి తరఫున అన్నారు. చాలా మర్యాదగా, పాప ఏ వైపుకి తిరిగి పడుకుంటుందని అడిగారు. నువ్వే అడగమన్నావేమో అని ఎడమవైపుకని చెప్పేశాను. నువ్వే కదా అడగమంది?

మిరపగింజ

*

జూలై 14

చిరంజీవి మనవరాలికి,

ఆశీస్సులు. ఇక్కడ అందరమూ క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను.

బాల్కనీలో కొత్త జెండా కట్టాము. చాలా బాగుంది. అది భద్రతకు గుర్తు. ఇంతకు ముందు నేను దాని గురించి తెలియక మాట్లాడాను.

నర్సమ్మ తన బంధువుల ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ సంతోషంగా ఉంది.

మీరు రైలులో జాగ్రత్తగా రండి. మీ అత్తగారిని, మామగారిని కూడా తీసుకుని రండి. వారికి గది సిద్ధం చేశారు. పాపకు మంచం ఎడమవైపు గోడకు వేశారు. వచ్చేటప్పుడు మీ ఇంటి రెండో తాళంచెవి కూడా తీసుకుని రండి.

నాకు కంటిలో చుక్కలు మాస్టారు వేస్తున్నారు. గడ్డం కూడా వారే గీస్తున్నారు. ఒక చెంప అయింది. రెండోది మీరు వచ్చాక గీస్తారు.

ఇట్లు,
మీ తాతగారు

*

జూలై 17

గౌరవనీయులైన తాతగారికి,

నమస్కారాలు. మీరు దయతో రాసిన ఉత్తరం అందింది. ప్రతి మాటా శ్రద్ధగా చదివాను. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అందరూ మీరు చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకున్నారు.

జెండా కట్టినందుకు సంతోషం. నేనే ఇంతకు ముందు దించమని పట్టుబట్టాను, అది నా చిన్నతనం. ఇక దాన్ని దించకండి. ఎవరేమన్నా దించకండి. మీరు ఇంట్లో ఉన్నా లేకపోయినా మీ బాల్కనీ బోసిగా కనపడకూడదు.

పాపకి జలుబు చేసింది, రైలు ప్రయాణం వద్దన్నారు. కాబట్టి మేం రాలేకపోతున్నాం. మీ కంటి పొర తీసే డాక్టరుగారు ఇక్కడ దొరికారు. గురువారం మధ్యాహ్నం పెద్దమామయ్య లారీ మీ వీధి మీదుగా వస్తుంది. ఈసారి ఆపుతాడు. కంటి ఆపరేషన్ అని మాస్టారుగారికి మేమే ఫోన్ చేసి చెప్పాం, ఎంతో మంచిగా ఒప్పుకున్నారు. తాళం వేసి, రెండు తాళంచెవులూ వారి చేతిలోనే పెట్టి రండి. దువ్వెనల పెట్టె కూడా వారికే వదిలెయ్యండి. చేతిసంచి చాలు. మోయగలిగితే అమ్మమ్మ బొంత తీసుకురండి, పాపకి చలేస్తోంది.

రెండో చెంప అలాగే ఉంచుకోండి. ఇక్కడ మా ఆయన గీస్తారు. ఆయన తలకి ఎలాగూ ఏ పనీ లేదు, చేతులైనా ఖాళీగా ఉండకూడదుగా.

గురువారం మధ్యాహ్నం.

ఇట్లు,
మీ మనవరాలు

తా.క. ఇక్కడ కూడా అంతా క్షేమమే. మా ఎదురింటివాళ్ళు ఇవాళ బాల్కనీలో బొంత ఎండేశారు. పొద్దున్నుంచీ ముసురే.